మీ చిన్ననాటి ఊరిని కాగితం మీద పెట్టడం ఎలా

మొదట బావులు గీయండి. వాక్యాల సంగతి తరువాత. పెద్ద తెల్లకాగితం ఒకటి తీసుకుని మధ్యలో బొడ్రాయి పెట్టండి. అక్కడి నుంచి ఏ వాడ ఎటు పోయేదో గీతలు లాగండి. గుర్తున్న ప్రతి బావికీ ఒక సున్నా చుట్టి పక్కన దాని పేరు రాయండి. ఆ నీళ్లు ఎవరు తోడుకునేవారు, ఎవరిని గిలక ముట్టనిచ్చేవారు కాదు, ఏ బావిలో మీరు నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నారు, ఎండాకాలం ఏది ముందు అడుగంటేది, ఇవన్నీ ముక్కలు ముక్కలుగానే రాసిపెట్టండి. ఒక సాయంత్రమంతా దీనికే ఇచ్చినా ఎక్కువ కాదు.

నేను నల్లగొండ జిల్లాలో తెలుగు టీచరుగా పనిచేశాను. పుట్టి పెరిగింది మునుగోడు వైపు ఒక మెట్ట ఊళ్లో. కొన్నేళ్లుగా తోటి టీచర్ల చేత, చుట్టాల చేత, మా పాత విద్యార్థుల తల్లుల చేత చిన్ననాటి ఊరి గురించి రాయిస్తున్నాను. కలం పట్టగానే చాలామంది ‘ఆ రోజులే వేరు’ అని మొదలుపెడతారు. పచ్చని పొలాలు, చల్లని గాలి, కల్మషం లేని మనుషులు అని నాలుగు మాటలు రాస్తారు. ఐదో మాట తోచదు. ఆ నాలుగు మాటల్లో వాళ్ల ఊరు లేదు. అవి కోదాడ దగ్గరి ఊరికీ సరిపోతాయి, కొల్లాపూర్ దగ్గరి ఊరికీ సరిపోతాయి. బావుల పటంతో మొదలుపెట్టిన వాళ్లకు ఈ చిక్కు రాదు. చింతబావి అని రాసిన చేయి ఆ చింతచెట్టు ఎవరిదో, చిగురు ఎవరు కోసేవారో, కొమ్మ ఎక్కి కిందపడింది ఎవరో రాయకుండా ఆగదు.

బావుల తరువాత పొలాల పేర్లు. ఇది మరీ తొందరగా చేయవలసిన పని. మర్రిచెలక, రాళ్లచెలక, పెద్దమడి, దర్గా వెనక చేను, ఇలాంటి పేర్లు పెద్దవాళ్ల నోళ్లలోనే బతికి ఉన్నాయి. పహాణీలో మీకు దొరికేది సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, వేసిన పంట. మర్రిచెలకను మర్రిచెలక అని ఎందుకన్నారో అందులో ఉండదు. ప్లాట్లుగా మారిన చోట్ల ఆ పేరు పలికే అవసరం కూడా పోయింది. రాళ్లు పాతి రంగులేసిన వెంచరులో ఒకప్పుడు మీ నాయన గుంటుక తోలిన చేను ఏ మూలన ఉండేదో మీరు గుర్తుపట్టగలిగితే, ఆ మూలనూ పటంలో పెట్టండి.

ఇంగ్లండు ఊళ్లవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. పంటలో చర్చికి చెల్లించవలసిన పదోవంతును డబ్బు రూపంలోకి మార్చడానికి 1836లో అక్కడ ఒక చట్టం వచ్చింది. దాని కోసం ఊరూరా గీసిన పటాల వెంట తయారైన జాబితాల్లో పొలాల పేర్లు కూడా ఎక్కాయి. పన్ను కోసం చేసిన పని ఊరి జ్ఞాపకంగా మిగిలింది. అంతకు చాలా ముందు, 1538 నుంచే, ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో రాయాలన్న ఆజ్ఞ ఉండేది. 1980లలో కామన్ గ్రౌండ్ అనే సంస్థ మరో మంచి పని చేసింది. ఊరివాళ్లే కూర్చుని, తమకు విలువైనదని తోచినదల్లా చేర్చి, తమ ఊరి పటం తామే తయారు చేసుకునేలా ప్రోత్సహించింది. కొందరు కాగితం మీద గీశారు, కొందరు గుడ్డ మీద కుట్టారు. మా చెల్లెలి కూతురు అక్కడ ఒక చిన్న ఊళ్లో ఉంటుంది. ఆ ఊరి ముసలివాళ్లు తమ చిన్నతనం గురించి రాసి అచ్చువేసుకున్న సన్నటి పుస్తకం ఒకటి నాకు తెచ్చి ఇచ్చింది. దాన్ని కూడబలుక్కుంటూ చదివాను. నన్ను కట్టిపడేసినది అందులోని వర్ణన కాదు. యుద్ధం ముగిసి ఏళ్లు గడిచినా మిఠాయిలకు రేషను ఉండేదని, 1953 ఫిబ్రవరిలో అది ఎత్తేసిన రోజు పిల్లలు దుకాణం ముందు వరుస కట్టారని ఒకామె రాసింది. అదే ఏడు జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకాన్ని టీవీ ఉన్న పక్కింట్లో చాపల మీద ఇరుక్కుని కూర్చుని చూశామని ఇంకొకాయన రాశాడు. అది చదువుతుంటే 1987లో ఆదివారం పొద్దున రామాయణం కోసం మా ఊళ్లో టీవీ ఉన్న ఒక్క ఇంటి అరుగు నిండిపోవడం నాకు కళ్లకు కట్టింది. వాళ్లు రాసుకున్నారు. మనమూ రాయాలి, ఆలస్యం చేయకుండా రాయాలి. మన ఊళ్లలో పుట్టుకలు రాసిపెట్టిన చర్చి పుస్తకాలు లేవు. అవ్వ పోతే ఆమెతోపాటు ఒక వాడ చరిత్ర అంతా పోతుంది.

ఊరే మునిగిపోయిన వాళ్లకు పటం ఇంకా అవసరం. శ్రీశైలం జలాశయం కింద 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఎన్నో ఖాళీ అయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. గుడికి ఆ అవకాశం దొరికింది, ఇళ్లకు దొరకలేదు. అలాంటి ఊరివాళ్లు ఒక్కరే కూర్చుని గీయవద్దు. నలుగురిని కూడగట్టండి. ఒకరు వాకిలి చెబితే ఇంకొకరు గోడ చెబుతారు, ఆ రచ్చకట్ట ఎడమన ఉండేదా కుడినా అని వాదన వస్తుంది, ఆ వాదనలోనే సగం ఊరు పైకి తేలుతుంది. వాదనను ఫోనులో రికార్డు చేయండి.

పాలమూరు వలస కుటుంబాల పిల్లలకు మాత్రం బొడ్రాయి పద్ధతి పనికిరాదు. వాళ్లలో కొందరి చిన్నతనం నాగార్జునసాగర్ కట్ట దగ్గర, మరికొందరిది ఎక్కడెక్కడి కాలువల గట్ల మీద గడిచింది. ఇంకొందరు అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ వెంట పోతే అవ్వ దగ్గర మిగిలిపోయారు. మీది అలాంటి బాల్యమైతే ఊరి పటం బదులు పని స్థలాల వరుస రాయండి. ఏ కట్ట, ఏ కాలువ, గుడిసె దేనితో కప్పారు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎవరి పెళ్లికో ఎవరి మందులకో ఖర్చయింది, అమ్మ మట్టి మోస్తుంటే మిమ్మల్ని ఎక్కడ పడుకోబెట్టింది. ఊరిలో మిగిలిన వాళ్లయితే, ఏ నెలలో ఊరు ఖాళీ అయ్యేది, ఏ పండుగకు తిరిగి నిండేది రాయండి. దేశమంతా ఆనకట్టలు కట్టిన చేతుల పిల్లలు తమ చిన్నతనం గురించి రాసింది చాలా తక్కువ. మీరు రాసే ప్రతి పేజీ నాకు అపురూపం.

ఏ ఏడో తేల్చుకోవడం

‘చిన్నప్పుడు’ అని రాసి వదిలేయవద్దు. ఏ ఏడో తెలిస్తే మీ జ్ఞాపకం చదివేవారికి ఎంతో ఉపయోగపడుతుంది. మన పుట్టినరోజులను నమ్ముకుంటే లాభం లేదు. బడిలో వేసిన రోజు పంతులు గారు వేలితో లెక్కించి రాసిన తేదీయే మనలో చాలామందికి పుట్టినరోజు. అందుకే మా తరగతి రిజిస్టరులో సగం మంది జూన్‌లోనో జూలైలోనో పుట్టినవాళ్లే. తేదీలకు బదులు అందరికీ గుర్తుండే సంగతులను మేకుల్లా కొట్టి, మీ జ్ఞాపకాలను వాటికి తగిలించండి.

నా వయసువాళ్లకు మొదటి మేకు స్కైలాబ్. అమెరికా ఆకాశంలో నిలిపిన ఆ కేంద్రం 1979 జూలై 11న కూలింది. దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. అవి మన నెత్తిన పడతాయని మా ఊళ్లో కోళ్లు, మేకలు కోసుకు తిన్న ఇళ్లున్నాయి. ఏడు నెలలు తిరిగేసరికి, 1980 ఫిబ్రవరి 16న, శనివారం మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చీకటి పడిన దారి సరిగ్గా మన ప్రాంతం మీదుగానే పోయింది. పక్షులు గూళ్లకు చేరడం, మా నాయనమ్మ తలుపులు బిగించి మమ్మల్ని లోపల కూర్చోబెట్టడం నాకు బాగా గుర్తు. ‘నేను ఈత నేర్చింది గ్రహణానికి ముందా, తరువాతా?’ అని ప్రశ్నించుకుంటే చాలు, జవాబు దానంతట అదే వస్తుంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం, రెండు రూపాయల కిలో బియ్యం. ఇంట్లో జొన్న గటక తగ్గి వరి అన్నం పెరిగింది ఎప్పుడో దీనితో తేలుతుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. సంతకాల కోసం మీ నాయన ఏ ఊరికి పోయేవాడో గుర్తుంటే అది ముందో వెనకో తెలిసిపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లవాళ్లకు 1967 ఆగస్టు 4 పెద్ద గుర్తు. ఆ రోజు ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అంతకు ముందు పుట్టినవారు మెట్ట పిల్లలు, తరువాతి వారు కాలువ పిల్లలు. ఇంకా పెద్దవారికి 1948 సెప్టెంబరు పోలీసు చర్య ఉంది, 1957 ఏప్రిల్‌లో వచ్చిన నయా పైసలు ఉన్నాయి, బడులు మూతబడిన 1969 ఉద్యమం ఉంది.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది పీర్ల పండుగ లెక్క. పీర్లు చంద్రమానంతో నడుస్తాయి, అధికమాసం కలపరు. అందుకని పీర్ల పండుగ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందే వస్తుంది, అన్ని కాలాలూ తిరిగి ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకు మళ్లీ అదే కాలానికి వస్తుంది. ఒక వాడలో బతుకమ్మ ఆడుతుంటే ఇంకో వాడలో గుండం చుట్టూ ఎగిరిన జ్ఞాపకం మీకు ఉంటే, అది 1982 నుంచి 1984 వరకు మూడేళ్లలో ఏదో ఒకటి. ఆ మూడేళ్లూ మొహరం, దసరా ఒకే రోజుల్లో వచ్చాయి. మళ్లీ 2015 నుంచి 2017 వరకు అలాగే జరిగింది. పీర్లు లేచిన రాత్రి ఎండవేడికి ఆరుబయట పడుకున్నారా, వానకు తడిశారా, చలికి దుప్పటి కప్పుకున్నారా అన్న చిన్న గుర్తుతో ఏడు దాదాపుగా పట్టుబడుతుంది.

లెక్క సరిచూసుకోవడానికి రెండు చోట్లకు వెళ్లండి. ఒకటి మీరు చదివిన ప్రాథమిక పాఠశాల. అడ్మిషన్ రిజిస్టరులో మీరు చేరిన తేదీ, మీతో చేరినవారి పేర్లు ఉంటాయి. ప్రధానోపాధ్యాయులను మర్యాదగా అడిగితే చాలాచోట్ల చూడనిస్తారు. రెండోది తహసీల్దారు కార్యాలయం. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నకలు తీయించుకుంటే మీ తాతల నాటి పొలం ఎవరి పేర ఉందో, ఎవరు దున్నుతున్నారో కనిపిస్తుంది. ఈ రెండు గడులూ వేరువేరుగా ఉండటమే ఒక కథ. దాన్ని దాటిపోవద్దు.

పెద్దవాళ్లను అడగడం

‘అవ్వా, ఆ రోజుల్లో ఎలా ఉండేది?’ అని అడగకండి. ‘మంచిగుండేది బిడ్డా’ అంటుంది, మాట అక్కడితో ముగుస్తుంది. చేతిలో వస్తువు పెట్టి అడగండి. విసుర్రాయి ముందు కూర్చోబెట్టి, ఏ పొద్దుకు లేచి విసిరేదానివి, ఇద్దరు విసిరితే ఎదురుగా ఎవరు కూర్చునేవారు, ఏ పాట పాడేవారు అని అడగండి. చేతులు కదిలితే నోరు తెరుచుకుంటుంది. కూలి పైసలుగా ఇచ్చేవారా, జొన్నలుగానా, కొలిచింది ఎవరి మానికతో? ఆ మానిక మీద అనుమానం ఉండేదా? గ్యాసునూనె అయిపోయిన రాత్రి ఏం చేసేవారు? మీ కాన్పు ఎవరు చేశారు, ఆమెకు ఏమిచ్చారు? మగవాళ్లను మోట గురించి అడగండి. ఎడ్లు వెనక్కి నడిచేటప్పుడు పాట ఎక్కడ ఆగేది, ముందుకు దిగేటప్పుడు ఎక్కడ ఎత్తుకునేవారు అంటే ముసలి తాతలు కూడా లేచి నిలబడి చూపిస్తారు. కరెంటు మోటారు ఎవరి బావికి ముందు వచ్చిందో కూడా వాళ్లే చెబుతారు.

జాతరల గురించి అడిగినప్పుడు దేవుడి మహిమ దగ్గర ఆగకండి, పనుల గురించి అడగండి. చెరువుగట్టు జాతరకు కచ్చురం బండి కట్టుకుని వెళ్లారా, నడిచారా? దారిలో సద్ది ఎక్కడ విప్పారు? కురుమూర్తి జాతరలో ఊరేగించే ఉద్దాలను, అంటే స్వామి పాదరక్షలను, వడ్డెమాన్‌లో కుట్టే కుటుంబాలు ఎవరు, వాళ్లు ఎన్ని రోజులు ఉపవాసం ఉంటారు? దూరాజ్‌పల్లి పెద్దగట్టుకు మీ ఇంటి నుంచి పోయినవారు ఎవరి మొక్కు తీర్చడానికి పోయారు? పని చెప్పినవారు మనిషిని కూడా చెబుతారు.

ఫోనులో రికార్డు చేసేముందు వాళ్లకు ఆ మాట చెప్పండి. ఒక్కో రికార్డింగుకు మనిషి పేరు, ఊరు, తేదీ పెట్టి అదే రోజు ఇంకొక చోట కూడా దాచండి. ఒకసారి కూర్చుంటే గంట చాలు. ముసలివాళ్లు అలసిపోతారు, మీరు లేచాక వాళ్లకే కొత్త సంగతులు గుర్తొస్తాయి. మళ్లీ వెళ్లండి.

కష్టమైనవి వదిలేయకండి

ఇక్కడే నేను అందరితోనూ గొడవపడతాను. బావి గీసి, ఎవరిని ముట్టనివ్వలేదో రాయకపోతే ఆ పటం అబద్ధం. మా ఊళ్లో పెద్దబావి దగ్గర దళితవాడ ఆడవాళ్లు కడవ దూరంగా పెట్టి, ఎవరైనా తోడిపోస్తారా అని ఎదురుచూస్తూ నిలబడటం నేను చూశాను. నా తోటి పిల్ల వాళ్లలో ఉండేది. బడిలో పక్కపక్కన కూర్చునేవాళ్లం, బావి దగ్గర కూడదు. ఇది రాయడానికి నా చేయి ఆగింది, అయినా రాశాను. మీరు ఆ కడవ పట్టుకుని నిలబడిన పిల్ల అయితే మీరు రాసేదే అసలైన ఊరు. మిగతావాళ్లమంతా మీ రాత చదివిన తరువాత మా పటాలు దిద్దుకోవాలి.

మా వైపు రాయక తప్పనిది ఇంకొకటి, ఫ్లోరైడు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో రాతి పొరల నుంచి అది భూగర్భజలంలోకి దిగుతుంది. పిల్లల పళ్లు ఏర్పడే వయసులో తాగితే పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు వంగి బిగుసుకుపోతాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టింది, నల్లగొండ టెక్నిక్ అని. మా తరగతి ఫొటోలో నోరు మూసుకుని నిలబడిన పిల్లలు ఎందరో! ఫొటోగ్రాఫరు నవ్వమన్నా నవ్వలేదు. మీ దగ్గర అలాంటి ఫొటో ఉంటే దాని వెనక ప్రతి పిల్ల పేరు రాసి, ఆమె ఏ బావి నీళ్లు తాగేదో మీ పటం చూసి చేర్చండి. డాక్టర్లకు, ఇంజనీర్లకు కూడా అది పనికొచ్చే కాగితం అవుతుంది.

తగాదాలు, పెళ్లి దాటిన సంబంధాలు, అప్పుల సంగతులు ఉంటాయి. బతికి ఉన్నవారికి, వాళ్ల పిల్లలకు చెరుపు చేసేవైతే పేరు తీసి ‘మా వాడలో ఒకాయన’ అని రాయండి. సంగతి ఉంచండి, పేరు తీయండి.

వాక్యం దిద్దడం

తోటి టీచరు ఒకామె మొదట ఇలా రాసింది: ‘మా ఊరి చెరువు చాలా అందంగా ఉండేది. పిల్లలమంతా అక్కడ ఎంతో ఆనందంగా ఆడుకునేవాళ్లం.’ నేను ఆమెను మూడు అడిగాను. చెరువుకు ఏ వైపున ఉండేవారు? చేతిలో ఏముండేది? ఎవరు తిట్టేవారు? వారం తరువాత తెచ్చింది ఇది: ‘అలుగు పారిన రోజు బడిలో సగం మంది ఉండేవారు కాదు. అలుగు కింద బండల మధ్య పరకలు ఎదురెక్కేవి. మా అన్న తాత ధోవతి అడ్డం పట్టేవాడు, నేను పైనుంచి నీళ్లు తొక్కుతూ చేపలను అందులోకి తోలేదాన్ని. నీరటి తాత కట్టమైసమ్మ దగ్గరి నుంచి కేకలేసేవాడు. అమ్మ వాటిని బూడిదతో రుద్ది కడిగి చింతపులుసు పోసి వండేది. ధోవతికి చేపవాసన పోయేది కాదు, తాతకు చెప్పేది ఎవరు?’

అందం, ఆనందం అన్న మాటలు ఒక్కటి కూడా ఇందులో లేవు. మీ రాతలోనూ ‘ఎంతో’, ‘ఎన్నెన్నో’, ‘అద్భుతం’ కనిపించిన ప్రతి చోటా గీత కొట్టి ఆ మూడు ప్రశ్నలు వేసుకోండి. వండినది ఏమిటో, పట్టుకున్నది ఏమిటో, తిట్టినది ఎవరో రాయండి. తిండి గురించి రాసేటప్పుడు ఏ నెలలో తిన్నారో కూడా చెప్పండి. తాటిముంజలు ఎండాకాలం, సీతాఫలాలు దసరా ముందు వెనక, మలీద సద్దుల బతుకమ్మ నాడు. అప్పుడు చదివేవారికి ఊరి ఏడాది తిరిగినట్టు ఉంటుంది. వ్యాకరణం గురించి భయపడకండి. ఇంట్లో పలికిన మాట ఎలా పలికారో అలాగే సంభాషణలో ఉంచండి, మిగతాది మీకు చేతనైన తెలుగులో రాయండి.

ఎంత రాయాలి అని అడుగుతారు. నలభై పేజీలు దాటితే ఇంట్లోవాళ్లు చదవరు, పది పేజీల లోపు అయితే బావులే సరిపోవు. పిల్లలు హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో ఉండి తెలుగు చదవలేకపోతే, మీరే గొంతెత్తి చదివి ఫోనులో రికార్డు చేసి పంపండి.

అచ్చు సంగతి చిన్నదే. డీటీపీ చేసేవారికి ఇచ్చేముందు ఊరి పేర్లు, ఇంటిపేర్లు, పొలాల పేర్లు మాత్రం మీరే రెండుసార్లు సరిచూడండి. తప్పులు దొర్లేది అక్కడే. పటాన్ని మధ్య పేజీల్లో విప్పేలా పెట్టించండి. ఒక ప్రతి మీ బడికి, ఒకటి గ్రామపంచాయతీకి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. చివర్లో నాలుగైదు ఖాళీ పేజీలు వదిలి, ‘మీకు గుర్తున్నవి ఇక్కడ రాసి తిరిగి ఇవ్వండి’ అని అచ్చువేయించండి. బతుకమ్మ పండుగకు ఊరు నిండినప్పుడు ఆ ప్రతులు పంచితే, దసరా నాటికి సగం పేజీలు నిండి మీ చేతికి వస్తాయి. మొదటి దిద్దుబాట్లు ఎక్కువగా బావుల పేర్ల మీదే ఉంటాయి, కాబట్టి పటం మూలప్రతిని పెన్సిలుతోనే గీసి ఉంచుకోండి.